ఉంగరం చప్పుడు

ఫిబ్రవరి 6, 1949

ఇవాళ ఏమీ జరగలేదు. నిన్నా జరగలేదు. రేపు జరిగేదేమిటో నాకు ఇప్పుడే తెలుసు.

నా బి.ఏ. పట్టా ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య భద్రంగా ఉంది. దానికి పురుగు పట్టదు. నాకే పట్టేటట్టుంది.

ఎం.ఏ. సంగతి నాయన దగ్గర మళ్ళీ ఎత్తాను. ఆత్మకూరు నుంచి వస్తున్నాం. బొగ్గుతో నడిచే బస్సు. ఎగువ ఎక్కలేక ఆగిపోయింది. అందరం దిగాం, మగవాళ్ళు వెనక నుంచి తోస్తున్నారు. తోస్తూనే నాయన చెప్పాడు, ముందు అన్న మొక్కు తీరనీ, తర్వాత చూద్దామని. ఇంతకు ముందోసారి అడిగితే, ముందు స్వరాజ్యం రానీ అన్నాడు. అదీ వచ్చింది.

రోడ్డు పక్కన నిలబడి మా సైకాలజీ లెక్చరర్‌ని తలుచుకున్నాను. జంతువుకు ఉండేవి రెండే, ఇన్‌స్టింక్ట్, హ్యాబిట్. రీజన్ మనిషికి ఒక్కడికే అని ఆఖరి క్లాసులో బల్ల గుద్ది చెప్పాడు. బస్సు కదలగానే మగవాళ్ళంతా ఒకర్నొకరు మోచేతులతో పొడుచుకుంటూ ఎక్కారు. సీట్లన్నీ ఖాళీగానే ఉన్నాయి. చేలో మేస్తున్న ఎద్దొకటి తలెత్తి మమ్మల్ని చూసి, మళ్ళీ మేతలో పడింది.

ఫిబ్రవరి 9

పెరట్లో ఒక పొట్టేలుంది. అది మాది కాదు, అంకమ్మది.

పోయిన వానాకాలం అన్నకు టైఫాయిడ్ వచ్చింది. నెల్లూరులో ఆస్పత్రిలో పెట్టారు. పెంచలమ్మ వదిన దగ్గరుండి చూసుకుంది. ఇక్కడ అవ్వ ఊరి అమ్మవారు అంకమ్మకు పొట్టేలును మొక్కుకుంది. అన్న బతికాడు. ఎవరివల్ల బతికాడన్న విషయంలో ఇంట్లో ఎవరి అభిప్రాయం వాళ్ళకుంది. డాక్టరు వల్ల అని నేననుకుంటాను. అవ్వ ముందు అనను. ఇంట్లో అమ్మ లేదు, నా చిన్నతనంలోనే పోయింది. అవ్వ మాటే ఇంటి మాట.

జాతర మే నెలలో. అప్పటిదాకా పొట్టేలును మేపే పని వదినది. తెల్లటి ఒళ్ళు. కళ్ళ చుట్టూ, మూతి చుట్టూ నలుపు. ఆత్మకూరు కోర్టు అరుగు మీద కళ్ళద్దాలు పెట్టుకుని కేసుల కోసం ఎదురుచూసే ప్లీడరొకాయన అచ్చం ఇట్లాగే ఉంటాడు. అమ్మవారి పొట్టేలుకు పేరు పెట్టకూడదని అవ్వ హెచ్చరించింది. పేరు పెడితే మనదైపోతుందట.

ప్లీడరు అని పెట్టాను. గట్టిగా పిలవను.

ఫిబ్రవరి 12

కొట్టం తడిక తెరిచి పెడుతున్నదని అవ్వ రోజూ వదినను తిడుతోంది. వదిన వేసే వచ్చానంటుంది. ఇవాళ గడ్డివామి వెనక నిలబడి చూశాను. దొంగ ప్లీడరే. కొయ్య గడియను పైపెదవితో ఎత్తి, నుదుటితో తడికను తోసి, ఏమీ ఎరగనట్టు వంటింటి గుమ్మం దగ్గరికి నడిచి వచ్చింది.

గడియ తీసేసి తాడు కట్టాను. గడియ ఉన్నచోట మూతి పెట్టి చూసింది. లేదు. వెనక్కి రెండడుగులు వేసి ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత తాడు కొస పళ్ళతో పట్టుకుని లాగింది.

ఆ ఆగడం ఏమిటి? హ్యాబిట్ ఆగదు కదా. లోపల ఏదో పని జరిగింది. నేను పరీక్ష హాల్లో పెన్ను కొరుక్కుంటూ ఆగినట్టే ఆగింది.

మాకు దాన్నిచ్చిన కాపరి పెంచలనరసయ్య సాయంత్రం మందతో పోతుంటే పిలిచి చెప్పాను. ఆయనకు నవ్వాగలేదు. "గొర్రెకు తెలివే ఉంటే మాకు కూడెట్ల పుడతాదమ్మా" అన్నాడు. చుట్టూ మంద తల వంచుకుని మేస్తోంది. ఒక్కటీ అడ్డం చెప్పలేదు.

ఫిబ్రవరి 21

గంపలు బోర్లించి ఒకదాని కింద బెల్లం పెడుతున్నాను. ప్లీడరు చూస్తుండగా పెడతాను, దాన్ని బయటికి తీసుకుపోయి తిప్పి తెస్తాను. నేరుగా ఆ గంప దగ్గరికే పోతుంది. ఇదంతా ఇంగ్లీషులో రాసి లెక్చరర్‌కు పంపాలి. ఈ అమ్మాయిని చదివించండి అని ఆయన ఒక్కమాట రాస్తే నాయన కాదనలేడు. నా ఎం.ఏ. ఈ పొట్టేలు నెత్తిన ఉంది. దానికా సంగతి తెలియదు.

మధ్యాహ్నం మాత్రం ఎక్స్‌పెరిమెంట్ చెడిపోయింది. వదిన కొట్టంలో కూర్చుని ఏడుస్తోంది. పిల్లలు లేని సంగతి మీద అవ్వ ఏదో అన్నదట, ఆ మాట రాయను. ప్లీడరు గంప దగ్గరికి పోలేదు. వదిన దగ్గరికి పోయి ఆమె మోకాలికి నుదురు ఆనించి నిలబడింది. అంట్లు తోమి వచ్చిన చేతులు, బూడిద తప్ప ఏమీ లేదు వాటిలో. బెల్లం నా దగ్గరుంది. అది ఆమె దగ్గరుంది.

ఈ రిజల్టు ఏ కాలమ్‌లో వేయాలో తెలియలేదు. వదిలేశాను.

కళ్ళు తుడుచుకున్నాక వదిన ఒక మాట చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని చెయ్యి పట్టుకుంది. నెల్లూరులో అన్నకు తెలివి తప్పిన రోజు, రెబెకమ్మ అని నర్సు, వాళ్ళ దేవుణ్ణి ప్రార్థించిందట, అన్న తలమీద చెయ్యి పెట్టి. ఎదురుగా వదిన కూడా కళ్ళు మూసుకుందట. చివర ఆమెన్ అనిందట. అంకమ్మ మొక్కు మీద ఉండి అట్లా అనొచ్చునా అని అప్పటి నుంచీ భయం. నేను నవ్వాను. దేవుళ్ళు చిరునామాలు చూసుకోరన్నాను. ఆమె నవ్వలేదు.

మార్చి 3

జాతరలో ఏం చేస్తారని అవ్వనడిగాను. చిన్నప్పుడు దూరం నుంచి చూడడమే కానీ దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

పూజారి ఆదెయ్య పొట్టేలు మీద చెంబుతో పసుపునీళ్ళు పోస్తాడట. అది ఒళ్ళు విదిలించాలి. విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. అప్పుడే కత్తి. విదిలించకపోతే కత్తి ఎత్తే మాటే లేదు. ఎంతటివాడు ఇచ్చిన పొట్టేలైనా సరే, అమ్మ ఒప్పుకోనిదాన్ని ముట్టుకోకూడదు.

నీళ్ళు పడితే ఏ జంతువైనా విదిలిస్తుంది కదా, విదిలించనిది ఎప్పుడైనా ఉందా అని అడిగాను. ఒక్కసారి, తన చిన్నప్పుడు, కొండాపురంలో ఉందట. దాన్ని గుడిదగ్గర వదిలేశారట. ఊరందరి చేలూ మేసి, పళ్ళూడిపోయి, ముసలిదై చచ్చిందట. అవ్వ ఇంకా ఏదో చెప్పబోయింది, ఆ పొట్టేలును ఇచ్చిన ఇంటివాళ్ళ గురించి. నాకు కావలసింది దొరికింది. లేచి వచ్చేశాను.

మార్చి 4

ఒక ఆలోచన వచ్చింది. రాయడానికే ఒళ్ళు జలదరిస్తోంది.

మార్చి 6

మొదలుపెట్టాను.

మధ్యాహ్నం అవ్వ నిద్రపోయే వేళ. ఇత్తడి చెంబుతో వీపు మీద నీళ్ళు పోస్తాను. వెంటనే విదిలిస్తే మొహం తిప్పుకుంటాను, బెల్లం లేదు. ఒక్క క్షణం ఆలస్యంగా విదిలిస్తే బెల్లం. రేపు ఇంకొంచెం ఆలస్యం. అంతే. రష్యాలో కుక్కలకు గంట కొట్టి నేర్పినట్టు.

ఒళ్ళు విదిలించడమంటే మనకు తుమ్ములాంటిది. దాన్ని ఆపుకోమనడం అన్యాయమే. అందుకే ఒక ఒప్పందం పెట్టాను. ఆపుకుని నిలబడితే నా ఉంగరంతో చెంబు మీద కొడతాను. టంగ్. అప్పుడు విదిలించుకోవచ్చు. అప్పుడు బెల్లం.

రెండు రోజులకో మూడు రోజులకో విసుగొస్తుందనుకున్నాను, నాకు. దానికి రాదు.

మార్చి 17

నాకూ విసుగు రావడం లేదు. అది ఒళ్ళు ఆపుకుంటోంది. చెవులు మాత్రం ఆడిస్తోంది. చెవులు లెక్కలోకి రావు.

మార్చి 29

ఇవాళ చెంబు నీళ్ళూ పోసి చేతులు కట్టుకుని నిలబడ్డాను. నీళ్ళు పొట్ట కిందికి కారుతున్నాయి. భుజం మీద చర్మం దానంతటది వణుకుతోంది. ఈగ వాలింది. కదలలేదు. నల్లటి కళ్ళద్దాల్లోంచి నా చేతి వంకే చూస్తోంది. చెంబు వంక కాదు, బెల్లం వంక కాదు. ఉంగరం వేలి వంక.

టంగ్.

పెరడంతా నీళ్ళు చిమ్మింది. నా చీర తడిసింది. పిచ్చిదానిలాగా నవ్వాను. దాని మెడ కావలించుకున్నాను.

లెక్చరర్‌గారూ, మీరు బల్ల గుద్దారు. ఇది తన ఒంటినే ఆపుకుంది. మా ఇంట్లో కోపాన్ని ఆపుకోగలిగినవాళ్ళు ఒక్కరు లేరు. రీజన్ ఎవరిదండీ?

ఇందులో ప్లీడరును బతికించాలన్న కోరిక ఎంత, లెక్చరర్ మీద, అంకమ్మ మీద గెలవాలన్న కోరిక ఎంత అని నన్ను నేనడిగాను. జవాబు రాయకుండా దీపం తగ్గిస్తున్నాను.

ఏప్రిల్ 10

నా చేతికి నిలబడితే చాలదు. ఆదెయ్య చేతికి నిలబడాలి. ఎవరి చేతికైనా నిలబడాలి. వేసవి కదా, పొట్టేలుకు నీళ్ళు పోయమని వదిననడిగాను. రోజూ ఆమె పోస్తుంది, నేను పక్కన నిలబడి ఇంకో చెంబు మీద ఉంగరంతో కొడతాను. అది నా చేతి అలవాటు అనుకుంటుంది కాబోలు, గమనించలేదు. మొదట్లో నాకంటే ఆమె చేతికే ఎక్కువ తడబడింది. ఆమె దగ్గర చనువు కదా. ఇప్పుడు ఆమె చేతికే అందరికంటే బాగా నిలబడుతోంది.

వదిన ఆశ్చర్యపోయింది. "ఇదేంది వసంతా, రాయిమాదిరి నిలబడి ఉండాది" అంది. ఎండకు హాయిగా ఉండి అట్లా నిలబడిందన్నాను.

చెప్పేసి ఉండవలసింది. చెబితే అవ్వకు చేరుతుందని భయం. ఆమె రహస్యం నా దగ్గరుంది, నా రహస్యం ఆమెకివ్వలేదు.

ఏప్రిల్ 24

ఇల్లంతా సున్నాలు. జాతర పనులు. వదిన అన్నం తినడం లేదు. రెబెకమ్మ సంగతి అమ్మకు తెలిసి ఉంటుందా అని మళ్ళీ అడిగింది. తెలిసుంటే అన్నను ఎప్పుడో తీసుకుపోయి ఉండేది, నువ్వు ఊరికే అదిరిపడుతున్నావన్నాను. నేనప్పుడు వేడుక డప్పుల చప్పుడుకు ప్లీడరు బెదురుతుందేమోనని ఆలోచిస్తున్నాను. రేపటి నుంచి తప్పెట కొట్టిస్తూ ప్రాక్టీసు చేయించాలి.

మే 2

రేపు. నాకు నిద్ర పట్టదు. అది మాత్రం నెమరేస్తోంది.

మే 3

రాయలేను.

మే 4, మధ్యాహ్నం

రాయాలి. రాయకపోతే నాకనుకూలంగా మార్చుకుంటాను. ఇప్పటికే ఒకచోట మార్చుకున్నాను.

గుడి ముందు ఊరంతా ఉన్నారు. అన్న కొత్త పంచె. వదిన పసుపు చీర. ప్లీడరుకు మెడలో వేపమండల దండ. డప్పులు ఆగాయి. ఆదెయ్య "ఒప్పుకో తల్లీ" అని పసుపునీళ్ళు పోశాడు.

నిలబడింది.

భుజం చర్మం వణికింది. జనంలో నన్ను వెతుక్కుంది, కనుక్కుంది, నా చేతి వంక చూసింది. ఎంత గొప్పగా నిలబడిందో. నా గుండె ఎగిరింది. గెలిచానని అనుకున్నాను. ఇది మార్చకుండా రాస్తున్నాను: ఆ క్షణంలో నాకు దాని ప్రాణం కంటే నా గెలుపే ముందు కనిపించింది.

మళ్ళీ పోశాడు. మళ్ళీ. జనం గుసగుసలు. ఇక వదిలేస్తారనుకున్నాను. కొండాపురంలో వదిలేసినట్టు.

ఆదెయ్య చెంబు కింద పెట్టి నాయన వైపు తిరిగాడు. పొట్టేలులో లోపం లేదు రెడ్డీ, ఇంట్లో ఉండాది, ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే పోసి అమ్మను అడగండి అన్నాడు. ఎవరి దగ్గర తప్పుందో అమ్మే చూపిస్తుందట.

ఇది నేను చదువుకున్న పుస్తకాల్లో లేదు.

నాయన పోశాడు. అవ్వ పోసింది. అన్న పోశాడు. నిలబడే ఉంది. ఒంటినిండా పసుపు, కళ్ళలోకి కారుతోంది, రెప్ప వేయడం లేదు. వదిన వంతు వచ్చింది. ఆమె నీళ్ళు పోస్తే అది ఇంతకు ముందుకంటే బిర్రుగా నిలబడింది. చెవి కూడా కదపలేదు. అందరూ చూశారు ఆ తేడా. చూడకుండా ఎట్లా ఉంటారు? నెలంతా పెరట్లో నేను నేర్పింది ఆ చేత్తోనే కదా.

వదిన కూలబడిపోయింది.

"తప్పు నాదే తల్లీ. ఆస్పత్రిలో రెబెకమ్మ వాళ్ళ దేవుణ్ణి తలుచుకుంటా ఉంటే నేనూ కళ్ళు మూసుకున్నాను. ఆమెన్ అన్నాను. నీ మొక్కు మీదుండి అన్నాను."

అన్న తల వంచుకున్నాడు. తన ప్రాణం కోసం ఆమె అన్న మాటే కదా అది. ఒక్క అడుగు ఆమె వైపు వేసి ఉండొచ్చు. వేయలేదు. వెయ్యలేదని అన్నను తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేనూ నిలబడ్డచోటే ఉన్నాను.

ఆదెయ్య చెంబు మళ్ళీ నింపాడు. పెంచలమ్మను పుట్టింటికి, అనంతసాగరానికి పంపెయ్యమంటావా తల్లీ, అని అడుగుతానన్నాడు. పొట్టేలు విదిలిస్తే అవునని అర్థం. అవ్వ అడ్డం చెప్పలేదు. నాయన పై పంచె సర్దుకున్నాడు. అది విదిలించదని నాకు తెలుసు. విదిలించకపోతే ఇంకో శిక్ష అడుగుతాడు, అది విదిలించకపోతే ఇంకోటి. ఎప్పటికో దాని ఓపిక అయిపోతుంది. అది జంతువు, ఎంతసేపని ఆపుకుంటుంది? అది ఏ ప్రశ్న దగ్గర విదిలిస్తే వదిన బతుకు అక్కడ తేలిపోతుంది.

నోరు తెరిచాను. నేనే నేర్పాను అన్న మాటలు నాలుక మీదనే ఉన్నాయి. ఉంగరం చూపించవచ్చు. అక్కడికక్కడే చేసి చూపించవచ్చు, ఇదిగో ఇట్లా నిలబెట్టాను, ఇదిగో ఇట్లా వదిలాను అని. నాయన మొహం చూశాను. ఊరి మొహం చూశాను. ఎం.ఏ. కూడా గుర్తొచ్చింది. అవును, అదీ గుర్తొచ్చింది.

వేరే మాటలు వచ్చాయి. "ఇంటి ఆడబిడ్డను, నేనింకా పొయ్యలేదు. నన్నూ అడగనీ" అన్నాను.

చెంబు అందుకున్నాను. అమ్మా, వదిన ఉన్నది ఉన్నట్టు నీ ముందు పెట్టింది, అది చాలునా, చాలుననుకుంటే ఒప్పుకో అని పైకి అడిగాను. నా గొంతు నిలకడగా ఉంది. కాలేజీలో డిబేట్ చేసిన గొంతు. నీళ్ళు పోశాను. ప్లీడరు నా వేలి వంకే చూస్తోంది. ఇంతసేపు నిలబడినందుకు, ఇంతమందికి నిలబడినందుకు, ఇక వస్తుందని చూస్తోంది.

ఉంగరంతో కొట్టాను.

మెడ దగ్గర మొదలై తోక దాకా విదిలించింది. ఎంత హాయిగా విదిలించిందో. పసుపునీళ్ళు నా మొహం మీద, వదిన మీద, అవ్వ మీద పడ్డాయి. జనం ఒక్కసారిగా అరిచారు. డప్పులు మొదలయ్యాయి. అవ్వ వదినను లేపి కావలించుకుంది.

అది నా దగ్గరికి వచ్చింది. అరచేతిలో మూతి పెట్టింది. చేతిలో ఏమీ లేదు. ఇంకో చేతిలో వెతికింది. ఆదెయ్య మనుషులు వచ్చి దండ పట్టుకునేసరికి ఖాళీ అరచేతిని నాకుతోంది.

తీసుకుపోతుంటే తిరిగి తిరిగి చూసింది. భయపడి కాదు. నేను మర్చిపోయానని.

మే 4, సాయంత్రం

పైన మార్చుకున్నచోటు ఇదీ: దాని ఓపిక అయిపోతుందని భయపడి ఉంగరం కొట్టానని రాశాను. దాని ఓపిక అయిపోయేది కాదు. అది నాకు తెలుసు. అయిపోయింది నాది.

మే 6

అవ్వ దగ్గర కూర్చుని, కొండాపురం పొట్టేలు కథలో ఆ రోజు నేను వినకుండా లేచివచ్చిన ముక్క అడిగాను. తప్పు ఆ ఇంటి కోడలి మీదికి వచ్చిందట. పుట్టింటికి పంపేశారట. వాళ్ళూ రానీయలేదట. ఆ తర్వాత ఆ మనిషి ఏమైందో అవ్వకు తెలియదు. పొట్టేలు సంగతి మాత్రం పళ్ళూడిపోయేదాకా తెలుసు.

ఆ రోజు నాకు మనుషుల సంగతి అక్కర్లేకపోయింది. నా సబ్జెక్టు జంతువు.

ఉంగరం తీసి ట్రంకుపెట్టెలో పెట్టాను, పట్టా పక్కన.

మే 7

కొట్టం గడియ వేసే ఉంది. ఎవరూ తీయడం లేదు.

మే 11

వదినకు అంతా చెప్పాను. కొట్టంలో, గంపలు చూపించి, చెంబు తెచ్చి. ఎట్లా నీళ్ళు పోశానో, ఎందుకు ఆమె పక్కన నిలబడ్డానో, ఉంగరం, బెల్లం, అన్నీ. నీ ఆమెన్‌కూ దానికీ సంబంధం లేదు, నువ్వు ఏ తప్పూ చేయలేదు, తప్పంతా నాదే అని చెప్పాను. తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

ఆమె నా తల నిమిరింది. "నన్ను ఊరడించేదానికి కత చెప్తుండావు వసంతా. పొట్టేలుకేం తెలుసు? అమ్మకు తెలుసు" అంది.

ఒట్టు పెట్టాను. ఉంగరం తెచ్చి చెంబు మీద కొట్టి చూపించాను. ఉత్త చప్పుడు. విదిలించేది లేనిదే అది దేనికి రుజువు? నా రుజువును నేనే పంపేశాను.

ఆమె చెప్పింది ఇంకొకటుంది. తాను నీళ్ళు పోసినప్పుడు దాని కళ్ళలోకి చూసిందట. అమ్మ అందులోంచి తన్ను చూసిందట. తనకు అన్నం పెట్టిన చెయ్యి ఇది అనే చూపు లేదట అందులో. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు మారలేదు. నాకు ఫిబ్రవరిలో ఆమె మోకాలికి నుదురు ఆనించి నిలబడ్డ పొట్టేలు గుర్తొచ్చింది. ఆమెకు పిల్లలు లేరని అవ్వ అన్నరోజు దగ్గరికి వచ్చింది అదొక్కటే. దాన్ని కూడా ఆమె నుంచి తీసేసుకున్నాను. చంపడం కంటే ముందే తీసేసుకున్నాను.

ఇప్పుడు ప్రతి శుక్రవారం తడిబట్టలతో గుడికి పోతోంది. అవ్వ ఆమెను ఒక్కమాట అనడం లేదు. నెమ్మదిగా చూస్తోంది, నేరం ఒప్పుకున్నవాళ్ళను చూసినట్టు. అన్న ఆమెతో మాట్లాడేటప్పుడు వేరే వైపు చూస్తున్నాడు.

పాపం రెబెకమ్మ, అందరికీ మంచి జరగాలనే కదా కళ్ళు మూసుకుంది.

మే 20

లెక్చరర్‌కు రాసిన కాగితాలు చదువుకున్నాను. ఇంగ్లీషు బాగుంది. పొయ్యిలో పెట్టాను.

జంతువుకు బుద్ధి ఎంత, మనిషికి ఎంత అని కదా మొదలుపెట్టాను. గడియ తీసింది. గంప గుర్తుపెట్టుకుంది. ఒంటిని ఆపుకుంది. ఒక మనిషి ఏడిస్తే బెల్లం వదిలి పోయింది. నన్ను నమ్మింది. నమ్మడం బుద్ధి తక్కువతనమా, ఎక్కువతనమా? ఆ గుడి ముందు అందరం పెద్ద బుద్ధిమంతులం. ఒక్కొక్కరం ఒక్కొక్క అర్థం చెప్పుకున్నాం. ఏమీ కల్పించకుండా నిలబడింది అదొక్కటే.

మే 29

సాయంత్రం నాయన పిలిచాడు. మంచం పక్కన కుర్చీ చూపించాడు. నేనెప్పుడూ ఆయన ముందు కుర్చీలో కూర్చోలేదు. ఇంటి పరువు పోయే వేళ ఆడబిడ్డ ముందుకొచ్చి నిలబెట్టిందని ఆత్మకూరు దాకా అనుకుంటున్నారట. నా నోట అమ్మే పలికిందని ఆదెయ్య అన్నాడట. మొక్కు తీరింది కదా, జూలైలో మద్రాసు పంపిస్తానన్నాడు. ఎం.ఏ.

సంతోషం వేసింది. ముందు అదే వచ్చింది, నిజం. తర్వాత మిగతావన్నీ వచ్చాయి.

అవ్వ వంటింట్లోంచి వచ్చి, శుభమైన మాట విన్నావు నోరు తీపి చేసుకోమని నా అరచేతిలో బెల్లంముక్క పెట్టింది. వాకిట్లో వదిన ముగ్గు పెడుతూ ఇటు చూసింది.

తిన్నాను.

జూన్ 14

వాన. మొదటి వాన. ఉదయగిరి కొండ కనిపించడం లేదు. పెరట్లో నిలబడ్డాను. జడలోంచి, మెడ మీద నుంచి, వీపు మీద నుంచి కారుతోంది. వదిన లోపలికి రమ్మని పిలుస్తోంది. తుడుచుకోలేదు. ఎవరో ఒకరు చెంబు మీద కొడతారని నిలబడే ఉన్నాను.